మేజోటి మీది ఎర్ర గుర్తు

పొద్దున్నుంచీ బోటిల్ తన గుడిసెలో బార్లీ గంజి కాస్తూనే ఉంది. నిన్న సముద్రంలో డెన్మార్క్ డేనుల ఓడలూ మన స్వీడన్ ఓడలూ తలపడ్డాయి. మునిగి చచ్చిపోయినవాళ్ళు మర్నాడు ఒడ్డెక్కి నడిచి వస్తారు. ఓలాండ్ దీవిలో ఎప్పుడూ అంతే. వచ్చినవాళ్ళను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి గంజి పోయాలి, కుడి మేజోడు చూడాలి. మన ఆడవాళ్ళు ఎర్ర నూలుతో అల్లిన ఇంటి గుర్తు కనిపిస్తే చర్చి పక్కన గొయ్యి తవ్వుతారు. లేకపోతే వాళ్ళే మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళిపోతారు. మాట్లాడలేరు, పాపం.

బోటిల్ మొగుడు గెర్మండ్ నిన్న ఆ ఓడల్లోనే ఉన్నాడు. నాలుగు కుటుంబాల రైతులు కలిసి రాజుగారి ఓడలకు పంపిన మనిషి. అందుకు బదులుగా ఇచ్చిందే ఈ గుడిసె. అతను పోయాడని తేలితే గుడిసె తర్వాతి నావికుడిది. తేలనంతకాలం పెళ్ళాం బిడ్డలది. ఈ కట్టుబాటు పెట్టిన మహానుభావుడి పెళ్ళాం ఏనాడూ వీధిన పడి ఉండదు.

రైతుల పెద్ద హోకన్ గుమ్మంలోనే కాపు కాశాడు.

"ఏమ్మా, మూటాముల్లే సర్దుకున్నావా?"

"అంత తొందరైతే మీ అబ్బాయినే ఓడెక్కించకపోయారా, పెద్దయ్యా?"

పదకొండోవాడు వచ్చాడు. ముఖమంతా మందుగుండుకు కాలి నల్లబడింది. కూర్చోబోతూ, ఉయ్యాలకు తగలకుండా పీట పక్కకు జరుపుకున్నాడు. అక్కడ ఉయ్యాల లేదు. గెర్మండ్ ఓడెక్కిన తర్వాతే అది అటకెక్కింది.

బోటిల్ వంగి మేజోడు చూసింది. అల్లిక తనదే. గుర్తు ఉండాల్సిన చోట మాత్రం వరసలు విప్పేసి ఉన్నాయి. అతను హోకన్‌కు కనబడకుండా పిడికిలి తెరిచి, ఎర్ర నూలుపోగు ఆమె చేతిలో పెట్టాడు. మంచం మీద నిద్రపోతున్న కూతురు ఎలిన్ వైపు చూశాడు.

"మేజోటి మీద గుర్తేమైనా ఉందా?" హోకన్ అడిగాడు.

మొగుణ్ణి వాటేసుకుని గుండెలు బాదుకోవాలనిపించింది ఆమెకు.

"లేదు పెద్దయ్యా. డేనులవాడెవడో."

"అయితే గంజి దండగ చెయ్యకు."

ఆమె గిన్నె నిండా పోసి, దాచుకున్న వెన్నంతా అందులో వేసింది. అతను అడుగు దాకా తాగి, లేచి సముద్రం వైపు నడిచాడు. హోకన్ చూస్తున్నాడని ఆమె గుమ్మం దాకా కూడా వెళ్ళలేదు.

ఎలిన్ పెళ్ళి ఆ గుడిసెలోనే జరిగింది. బోటిల్ బతికినన్నాళ్ళూ, ఏటా ఆ రోజున గిన్నెడు గంజి వెన్న వేసి ఒడ్డున పెట్టి వచ్చేది. ఎవరికని అడిగితే, డేనులవాడికి అనేది.