భట్టీ కింద బంగారం

అన్నయ్య గునపం పట్టుకుని బేకరీలోకి వచ్చేసరికి చెల్లెలు బన్నక్క పిండి పిసుకుతోంది. ఆ పేరు వీధి పెట్టింది; చిన్నా పెద్దా అందరికీ ఆమె బన్నక్కే. గునపం చూడగానే పిండిలో ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఇవాళ తాడో పేడో తేలిపోవాలి," అన్నాడు అన్నయ్య. వెనకాలే వదిన, పెళ్లికి బయల్దేరినట్టు ముస్తాబై, చేతిలో పెద్ద ఖాళీ సంచీతో.

కథ ఊరందరికీ తెలిసిందే. ఎప్పుడో ఒక ఖజానా అధికారి బంగారమంతా ఎత్తుకొచ్చి ఈ బేకరీలో పనివాడిగా దాక్కున్నాడట. రొట్టెలు కాల్చే భట్టీ కమాను ఇటుకల మీద చేప, తాళంచెవి, కన్ను చెక్కి, వాటిలో బంగారం జాడ దాచి, అర్థం చెప్పకుండానే పోయాడట. అన్నీ అటలే! ఆ అటల మీదే అన్నయ్య బతుకంతా నడిచింది. బస్సు కండక్టరుగా టికెట్లు కొడుతూ కూడా ఆ గుర్తులే తలుచుకునేవాడు. ఉద్యోగం అయిపోయాక ఇక పట్టపగ్గాల్లేవు. బన్నక్కకు కూడు పెట్టేది ఆ భట్టీయే. నాన్న బేకరీని ఇద్దరికీ రాశాడు కాబట్టి సగం తనదంటాడు అన్నయ్య. అది నిజమే, అదే ఆమె ఖర్మ.

"చేపంటే నీళ్లు. తాళంచెవంటే తలుపు. కన్నంటే కింద చూడమని," అన్నాడు అన్నయ్య.

"పక్కన ఇంకో చేప ఉందిగా, అదేమంటోంది? కూర వండమనా?"

"వెటకారం ఆపు."

"నాన్న ఈ కమాను విప్పి కట్టినప్పుడు ఇటుకలు అందించింది నేను. ఏది చేతికొస్తే అదిచ్చాను. నువ్వు ఇన్నేళ్లుగా చదివే వరస, నేను చిన్నప్పుడు ఆడుతూ పాడుతూ పెట్టిన వరస!"

అన్నయ్య గునపం కిందికి దించాడు. హమ్మయ్య, దారికొచ్చాడనుకుంది బన్నక్క. ఎక్కడ! అతని మొహం వెలిగిపోయింది.

"చూశావా! నాన్నే కావాలని కలిపేశాడు. ఏమీ లేకపోతే కలపడం దేనికి?"

"పగుళ్లిచ్చి పొగ వస్తోందని కట్టాడు!"

"నీకలా చెప్పాడు."

"నిజమైతే ఆయనే తవ్వుకునేవాడు కదా? చచ్చేదాకా ఈ పిండిలో ఎందుకు పడున్నాడు?"

"నీకోసం అట్టేపెట్టాడు. ఆయనకెప్పుడూ నువ్వే ముద్దు." ఆ మాటలో విషం ఉంది.

"అందుకేగా తవ్వనివ్వడం లేదు, ఇంకా అర్థం కాలేదా మీకు?" అని వదిన మొగుణ్ణి ఎగదోసింది.

బన్నక్కకు ఒళ్లు మండిపోయింది. "నా కడుపు మీద కొట్టడానికొచ్చారా ఇద్దరూ? రేపు ఆస్పత్రికి బ్రెడ్డు పంపాలి. భట్టీ పోతే నేనేం తినాలి, నీ చేపనా?"

"ఒక్క ఇటుక తీస్తాను, అంతే."

"నడిమి ఇటుక ముట్టుకున్నావంటే మొత్తం కూలుతుంది అన్నయ్యా!"

ఆమె అడ్డంపడబోయింది. వదిన నడుం పట్టుకుని వెనక్కి లాగింది. అన్నయ్య గునపం పొడిచాడు. కమాను మొత్తం కూలింది.

దుమ్ము అణగక ముందే అతను లోపలికి దూరి తవ్వడం మొదలుపెట్టాడు. మట్టి వచ్చింది. మట్టి కింద ఇంకా మట్టే వచ్చింది. వదిన సంచీ మడిచి చంకలో పెట్టుకుంది.

బన్నక్క కూలిన ఇటుక ఒకటి తీసి తిప్పింది. గోడలో దాగుండే వైపు కూడా చేపే ఉంది. ఇంకోటి తిప్పింది, దాని మీదా చేపే.

"కళ్లు తెరిచి చూడు. ఎవరికీ కనపడని వైపు ఎవడైనా జాడ రాస్తాడా? ఇటుకలు కాల్చినవాళ్లు ఎవరివి వాళ్లకు తెలియాలని వేసుకున్న గుర్తులు ఇవి!"

అన్నయ్య ఆ ఇటుకను గుడ్లప్పగించి చూశాడు. "అయ్యో, ఇన్నాళ్లూ సగమే చదివాను!" అంటూ జేబులోంచి సుద్దముక్క తీశాడు. ఒక్కో ఇటుకా తిప్పి చూస్తూ, ఆ గుర్తులన్నీ బేకరీ తలుపు మీద గీయడం మొదలుపెట్టాడు.

"రేపు నేనెక్కడ కాల్చాలి?" అంది బన్నక్క.

"అరవకు, వరస తప్పుతుంది."

బన్నక్క అతని చేతిలోని ఇటుక లాక్కుని, నేలమీద కూర్చుని, సిమెంటు గచ్చుకేసి అరగదీసింది. చేప అరిగిపోయి ఎర్రటి పొడి అయింది.

అన్నయ్య కెవ్వుమన్నాడు. భట్టీ కూలినప్పుడు తడవని కళ్లు ఇప్పుడు ధారగా కారాయి. "వద్దే చెల్లీ, నీ కాళ్లు పట్టుకుంటాను, వద్దు!"

బన్నక్క రెండో ఇటుక అందుకుంది.