పైగాలి పడని నర్సు

బ్రోన్విన్ పుట్టి పెరిగింది పశ్చిమ క్వీన్స్‌లాండ్‌లో ఒక పశువుల ఫారంలో. దగ్గరి ఊరికి కారులో పోయినా పూట పట్టేది. చిన్నప్పుడొకసారి తల్లిని గుర్రం తన్నింది. ఇంటి వెనక ఎర్రమట్టి మీద, మారుమూల రోగుల్ని ఆసుపత్రికి చేర్చే వైద్య విమానం దిగింది. అందులోంచి దూకిన నర్సు తల్లి పక్కన మోకరిల్లి, "ఏం పర్లేదమ్మా, నేనొచ్చాగా" అంది. ఆ మాటకు నాన్న భోరుమన్నాడు. బ్రోన్విన్ మాత్రం ఆ నర్సు చేతులనే చూస్తూ నిలబడిపోయింది.

తల్లి బతికింది. బ్రోన్విన్‌కు ఆ తరవాత ఇంకో ఉద్యోగం మీదికి మనసు పోలేదు. నర్సింగ్ డిగ్రీ చదివింది, ఎమర్జెన్సీ వార్డులో ఏళ్లు గడిపింది, పురుళ్లు పోయడం నేర్చుకుంది. ఆఖరికి ఆ వైద్య విమానంలో నర్సు శిక్షణకు పిలుపొచ్చింది.

మొదటిరోజే మధ్యాహ్నపు వేడిగాలికి ఆ చిన్న విమానం ఎగిరెగిరి పడింది. బ్రోన్విన్ సంచిలోకి వాంతి చేసుకుంది. కాలు విరిగి స్ట్రెచర్ మీదున్న ముసలాయన కాస్త పక్కకు జరిగి, "నా కాలు సంగతి తర్వాత చూద్దాంలే. ముందు నువ్వు పడుకోవే పిల్లా" అన్నాడు.

మాత్రలు వేసుకుంటే నిద్ర ముంచుకొచ్చింది. అల్లం నమిలితే నోరు మండింది గానీ వాంతి ఆగలేదు. ఎన్నిసార్లు ఎగిరినా అంతే. సీనియర్ నర్సు గ్లెనిస్ ఒకరోజు రన్‌వే పక్కన ఆమెను కూర్చోబెట్టుకుంది.

"బ్రోన్, నీ చేతులు బంగారం. చెవుల్లో ఒంటి తూకం చూసేదేదో ఉంటుందట, అదే మన మాట వినట్లేదు."

"ఇంకొక్కసారి ఎక్కి చూస్తాను గ్లెనిస్."

"పైన పేషెంటుకి ఊపిరందకపోతే ఎవర్ని చూడమంటావ్ నన్ను? వాణ్నా, నిన్నా?"

బ్రోన్విన్ మెడలోని బ్యాడ్జి తీసి ఆమె చేతిలో పెట్టింది.

టౌన్స్‌విల్‌లో తాను చదివిన యూనివర్సిటీకే మళ్లీ వెళ్లింది. ఉద్యోగాల సలహాదారు డెస్మండ్ ఆమెకు బిస్కెట్ల డబ్బా అందించి, "ఈ డిగ్రీతో బతకడానికి సవాలక్ష దారులున్నాయి, దిగులు పడకు" అన్నాడు. ఆయన చెప్పిన చోటికల్లా వెళ్లి చూసింది. ఫోన్‌లో సలహాలిచ్చేచోట హాయిగానే ఉంది, కానీ ఫోన్ పెట్టేశాక అవతలి మనిషి ఏమయ్యాడో తెలియదు. కొత్త మందులు ఆరోగ్యవంతుల మీద పరీక్షించేచోట జీతం బాగుంది.

"మరి అక్కడేమైంది?" అన్నాడు డెస్మండ్.

"అందరూ దుక్కల్లా ఉన్నారండీ. ఒక్కడికీ నాతో పనిలేదు."

ఆయన పగలబడి నవ్వాడు. నవ్వు ఆపి మెల్లగా అడిగాడు. "అసలు నీకు కావలసింది ఆ ఎగరడమా, అక్కడి మనుషులా?"

"రెండూ."

"ఒక్కటే దొరుకుతుందంటే?"

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. లేచి వచ్చేసింది. వారం తరవాత, ఇద్దరే నర్సులుండే ఒక మారుమూల క్లినిక్‌కు దరఖాస్తు పెట్టింది.

అక్కడ చేరిన కొత్తలోనే ఒక ఉదయం మెర్విన్ అనే రైతుకు గుండెనొప్పి వచ్చింది. బ్రోన్విన్ మందిచ్చి, సూది గుచ్చి, విమానానికి కబురు పెట్టింది. ఊరి బయటి రన్‌వే మీద మేస్తున్న కంగారూలను క్లినిక్ వ్యాన్ హారన్ కొట్టి తోలింది. దిగింది గ్లెనిసే. ఇద్దరూ కళ్లతోనే పలకరించుకున్నారు. ఏం మందులిచ్చిందో, నాడి ఎలా ఉందో చెబుతూ బ్రోన్విన్ స్ట్రెచర్ వెంట విమానం మెట్టు దాకా నడిచి, అక్కడ ఆగిపోయింది.

లోపల ఇంకో రోగి ఉన్నాడు. మెర్విన్ భార్య జోయ్‌కి చోటు లేదు. తలుపు పడింది. విమానం దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

జోయ్, బ్రోన్విన్ వ్యాన్‌లో కూర్చున్నారు. జోయ్ ఆకాశంలోకే చూస్తోంది.

"నువ్వెప్పుడైనా ఎక్కావా తల్లీ అందులో?"

"ఎక్కాను పెద్దమ్మా."

"ఎలా ఉంటుంది?"

బ్రోన్విన్ వ్యాన్ తాళంచెవి చేతిలోకి తీసుకుంది. "చాలా బావుంటుంది. కిందంతా ఎర్రగా ఉంటుంది. ఏటిపాయలు చెట్టు వేళ్లలాగా కనిపిస్తాయి. పెదనాన్న పక్కనే కిటికీ ఉంది. చూస్తూ ఉండుంటాడు."

"వాడా! కళ్లు గట్టిగా మూసుకుని ఉంటాడు, పిరికి సన్నాసి" అంది జోయ్. నవ్వబోయి ఏడ్చేసింది. బ్రోన్విన్ ఆమె చెయ్యి పట్టుకుంది.

"క్లినిక్‌కి పోదాం పెద్దమ్మా, టీ పెడతాను. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు మీరు."

తాళంచెవి పెట్టింది గానీ తిప్పలేదు. ఎక్కడో పైన ఇంజను చప్పుడు ఇంకా సన్నగా వినిపిస్తూనే ఉంది.