ఎడమ పెట్టె వెనక ముడి

ఇలా దగ్గరికి జరగండి, ఆ తలుపు కాస్త చేరవేయండి. చెవుల మీద బతికిన మనిషికి తన చెవుల మీదే నమ్మకం పోయిన రోజు సంగతి ఇది. దూరంగా కూర్చుంటే సగమే అందుతుంది.

ఒక కుట్టుపనావిడ ఉండేది. వీధి గదిలో మిషను, నడి గదిలో భర్తగారి పాటల సామాను, మధ్యలో ఒక పల్చటి తెర. ఆమె భర్తను అందరూ చెవులాయన అనేవారు. చెవులు పెద్దవని కాదండోయ్! మిల్లులో యంత్రం పక్కన కళ్ళు మూసుకుని నిలబడి, "మూడో దాంట్లో బేరింగు అరిగింది, విప్పండి" అనేవాడు. విప్పి చూసినవాళ్ళు నోరు వెళ్ళబెట్టేవారు. ముప్పై ఏళ్ళు అలాగే గడిచాయి. పోయిన నెలలో మాత్రం ఒక బేరింగు ఆయన చెవిని దాటిపోయింది. యంత్రం బిగుసుకుపోయి రెండు రోజులు పని ఆగింది. మేనేజరు పల్లెత్తు మాట అనలేదు గానీ, సోమవారం మిల్లు డాక్టరు చేసే చెవి పరీక్షకు రమ్మన్నాడు. అప్పటి నుంచి ఆయనకు అన్నం గొంతు దిగడం లేదు.

పరీక్షకు రెండు రోజుల ముందు, శనివారం పొద్దున, కొత్త స్పీకర్లు వచ్చాయి. ఎన్నో ఏళ్ళుగా షాపు అద్దంలోంచి చూసి నిట్టూర్చిన పెట్టెలు. మనిషి నడుము దాకా ఎత్తు, నున్నటి చెక్క, ఒక్కొక్కటి ఇద్దరు పడితే గానీ లేవలేదు. తెచ్చిన షాపాయన ఎవరో కాదు, ఆ మిల్లు మేనేజరుకు స్వయానా అన్న.

"బిగించి వెళ్ళనా అన్నా?" అన్నాడు షాపాయన.

"వద్దు. నా వైర్ల సంగతి నాకే తెలుసు. ముడి ఉన్న తీగ పెట్టె వెనక ఎర్ర మరకి, లేనిది నల్ల మరకి."

"కొత్త పెట్టెలకి ఆ పాత వైర్లేనా? పట్టు చొక్కాకి తాడు బొత్తాలు కుట్టినట్టుంది!"

"తాడు తెగదు, నీ బొత్తాలు ఊడతాయి. పోయిరా!"

ఆ పాత వైర్లలో రెండు తీగలూ ఒకే రంగు. గుర్తు కోసం ఇరవై ఏళ్ళ కిందట ఆయనే ఒక్కో జతలో ఒక తీగకు ముడి వేశాడు. వాటిని ఇంట్లో ఇంకెవరూ ముట్టకూడదు. అది ఆ ఇంటి చట్టం.

షాపాయన పాతవాటి కోసం నాలుగింటికి వస్తానని వెళ్ళాడు. చెవులాయన ముడులు తడుముకుంటూ వైర్లు బిగించాడు, తనకిష్టమైన పాట పెట్టాడు, కుర్చీలో వాలి కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు తెరిచాడు. కుర్చీ ముందుకు జరిపాడు. వెనక్కి జరిపాడు.

"ఎలా ఉన్నాయండీ?" తెర పక్కకు లాగి అడిగింది కుట్టుపనావిడ.

"బాగున్నాయి."

ఆ 'బాగున్నాయి' వినగానే ఆమె మిషను ఆపేసింది. కోరిన పెట్టెలు ఇంటికొస్తే చిన్నపిల్లాడిలా గంతులేయాల్సిన మనిషి!

కాసేపటికి ఆయన కొత్తవాటిని విప్పి, అవే వైర్లతో పాతవాటిని బిగించాడు. అదే పాట మళ్ళీ పెట్టాడు. పూర్తి కాకుండానే ఆపి, తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైందండీ?"

"ఆ పాట పాడే పిల్ల నా ఎదురుగా నిలబడి పాడినట్టుండేదే, రెండు పెట్టెల నడుమన. ఇప్పుడు గొంతు గోడలకి అంటుకుపోయింది. మద్దెలలో బరువే లేదు. కొత్తవాటిలో అంతే, పాతవాటిలో అంతే. రెండు జతలూ ఒక్క రోజే చెడతాయా? చెడింది నా చెవులే."

"నాకూ డొల్లగానే వినిపిస్తోందండీ."

"ఊరడించకు."

నిజమే చెప్పింది పాపం. నిజం కూడా ఒక్కోసారి ఊరడింపులాగే వినిపిస్తుంది.

కొత్తవాటిని మళ్ళీ బిగించాడు. ఆ తర్వాత కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు. ఆమె భుజం మీదుగా చూసింది. 'ఇకపై నా చెవుల మీద ఆధారపడవద్దు. నన్ను పనిలోంచి తప్పించగలరు.'

"సోమవారం దాకా ఆగరాదూ?"

"నలుగురి ముందు ఓడిపోయి రమ్మంటావా? మేనేజరుకి ఇవ్వమని షాపాయన చేతిలో పెట్టేస్తాను."

గోడ గడియారంలో మూడున్నర. ఆమె సూదిలోకి దారం ఎక్కించబోతే మూడుసార్లు తప్పింది. ఆ పని వదిలితే ఆయన ఉత్త మనిషైపోతాడని ఆమెకు తెలుసు.

నాలుగు కొట్టకముందే తలుపు చప్పుడైంది. షాపాయన వస్తూనే, "ఏం వదినా, ఇల్లు దద్దరిల్లాలే! ఇంత నిశ్శబ్దమేంటి?" అన్నాడు. చెవులాయన ఉత్తరం మడిచి అతని చొక్కా జేబులో పెట్టాడు. ఇద్దరూ కలిసి పాత పెట్టె ఒకటి ఎత్తారు.

దారికి అడ్డంగా ఉన్న వైరును జరపడానికి కుట్టుపనావిడ ఎడమ పెట్టె వెనక్కి వంగింది. వంగినది వంగినట్టే ఉండిపోయింది. కుడివైపు ముడి ఉసిరికాయంత ఉంది, ఆయన చేతిది. ఎడమవైపు ముడి ఆవగింజంత. గోటితో నొక్కి బిగించిన బొత్తాం ముడి. అలాంటిది ఆ ఇంట్లో వేసేది ఒక్కరే.

పొద్దున వాళ్ళు వీధిలో పెట్టెలు దించుతుంటే ఆమె మూల ఊడ్చింది. దుమ్ము పట్టిన ఆ వంకర ముడి కంటపడింది. చేతులు వాటంతటవే విప్పాయి, వాటంతటవే ముచ్చటగా వేశాయి. ఏ తీగకు ఉండేది, ఏ తీగకు వేసింది? చూసుకోనేలేదు.

ఇరవై ఏళ్ళ చట్టం. పైగా పరాయి మనిషి ముందు. ఆయన కోపం వస్తే మామూలుగా ఉండదు. షాపాయన అప్పటికే గడప దాటుతున్నాడు, జేబులో తెల్లటి మడత కనిపిస్తూనే ఉంది.

"ఆగండి! ఆ ఉత్తరం తీసుకెళ్ళకండి!"

"నీకెందుకే మధ్యలో?" కసిరాడు చెవులాయన.

"ఎడమవైపు ముడి నాదండీ. పొద్దున విప్పి మళ్ళీ వేశాను. తీగ తప్పానేమో."

పెట్టె కిందకి దిగింది. ఒక పెట్టెకి తీగలు తారుమారైతే రెండిటి చప్పుడూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని పాట డొల్లగా మారుతుందని చెవులాయనకి తెలుసు. మీట ఆపి, మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ పెట్టె తీగలు రెండూ అటుదిటు మార్చాడు. మీట వేశాడు.

ఆ పిల్ల వచ్చి గది నడుమన నిలబడింది. పాట మొదలయ్యే ముందు ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపించింది. ఇరవై ఏళ్ళుగా వింటున్న పాటలో ఆ ఊపిరి ఆయనకు అదే మొదటిసారి.

పాట అయ్యాక చెవులాయన లేచి నిలబడ్డాడు.

"ముట్టుకోవద్దన్నానా?" అన్నాడు చివరికి.

"అన్నారు."

"మరెందుకు ముట్టుకున్నావు?"

"వంకర ముడి చూస్తే నా చేతులు ఊరుకోవండీ. వంకర చప్పుడు వింటే మీరు ఊరుకుంటారా?"

షాపాయన పక్కున నవ్వేశాడు. చెవులాయన నవ్వలేదు గానీ, అతని జేబులోంచి ఉత్తరం లాగేసుకున్నాడు. కుడి పెట్టె ఒక మూల కాస్త ఊగుతోంది. ఉత్తరాన్ని ఎనిమిది మడతలు పెట్టి ఆ మూల కింద దూర్చాడు. ఊగడం ఆగింది.

"సోమవారం సంగతి సోమవారం చూద్దాం. చెవులు పోయాయో ఉన్నాయో ఆ డాక్టరే చెప్పనీ, నేను చెప్పను," అని, ఆమె వైపు తిరిగాడు. "కుడివైపుదీ విప్పి నీ ముడే వెయ్యి. ఈసారి తీగ చూసి!"

మీరు దీన్ని ఇంకెవరికైనా చెప్పేటప్పుడు పెట్టెల ఎత్తూ చెక్క నునుపూ మరిచిపోయినా ఫరవాలేదు. గడప దగ్గర ఆమె నోరు విప్పిన సంగతి మాత్రం గుర్తుపెట్టుకుని చెప్పండి.