డెవ్లిన్ కట్టిన మడవ

నేలలో పాతిన కొలత గొట్టంలో నీటిమట్టం మరో అరంగుళం దిగింది. చంద్రిక రెండోసారి కొలిచింది. అంకె మారలేదు.

పెన్సిల్వేనియా కొండల నడుమ నూట ఇరవై ఎకరాల చిత్తడి అది. వేల ఏళ్లుగా నాచు కుళ్లీ కుళ్లక పేరుకొని, రెండు నిలువుల లోతున నల్లటి పీట్‌గా మారిన నేల. దాన్ని ఆరిపోనివ్వకుండా మళ్లీ తడపడం, కర్నూలు జిల్లా నుంచి వచ్చి జలశాస్త్రం చదివిన చంద్రిక ఉద్యోగం. శుక్రవారం నాటికి నీరు నిలవకపోతే యజమానులు ఆ భూమిని పూలకుండీల మట్టి అమ్మే ఒక కంపెనీకి కౌలుకిస్తారు. యంత్రాలు దిగాక మిగిలేది గొయ్యి. ఆ రోజు మంగళవారం.

"నీళ్లు బయటికి పోయే ఇరవై ఒక్క కాల్వలు మ్యాప్ చేసినం, అన్నీ బ్లాక్ చేసినం. ఇంక నా డ్రోన్‌కు ఏం కనిపిస్తలేదక్కా," అన్నాడు జితేందర్. వరంగల్ వాడు, సర్వే పనిలో ఆమెకు జోడీ. "ఎండకు నీళ్లు ఆవిరైతున్నయేమో."

"రోజుకు అరంగుళమా? లెక్క వేశాను జితేందర్. ఎక్కడో గండి ఉంది."

దాని ఆచూకీ తెలిసుండగల మనిషి ఒక్కడే: చిత్తడి అంచున ఉండే ఎనభై మూడేళ్ల మార్టిన్ డెవ్లిన్. ఐర్లండు నుంచి వచ్చిన తాత మొదలు మూడు తరాలుగా ఆ ఇంటివాళ్లు పీట్‌ను పెళ్లలుగా కోసి, పిడకల్లా ఎండబెట్టి, చలికాలమంతా పొయ్యిలో కాల్చుకున్నారు. ఏప్రిల్‌లో ఆ కోతను ఆపించింది చంద్రిక సంతకంతో వెళ్లిన ఉత్తరం. అందులో డెవ్లిన్‌ను 'నష్టానికి కారకుడు' అని రాసింది. శాస్త్రం దృష్టిలో తప్పులేని మాట. కానీ అలా రాసిన చేత్తోనే ఆ ఇంటి తలుపు తట్టడం కష్టం.

తట్టింది.

"మీ పేరు పలకడం రాక మనవరాలిని అడిగాను," అన్నాడు డెవ్లిన్, గడప దాటి రానివ్వకుండా. "ఉత్తరం మాత్రం నేనే చదువుకున్నాను."

"ఆ మాట అలా రాయకుండా ఉండాల్సింది. క్షమాపణ చెప్పడానికి వచ్చాను. ఒక సాయం అడగడానికి కూడా."

"రెండింట్లో ఏది ముఖ్యం?"

"సాయం."

ముసలాయన ఆమె ముఖంలోకి చూశాడు. "నా కోతవల్లే పాడైందా ఆ నేల?"

కాదంటే పని సులువవుతుంది. చంద్రికకు ఆ సంగతి తెలుసు. "కోతకంటే కాలువలవల్ల. కోత కోసమే మీవాళ్లు కాలువలు తవ్వారు. అంతా తెలిసే చేశారని నేననను. ఇప్పుడు అన్నీ మూసినా ఇంకా ఎక్కడో నీరు పోతోంది."

డెవ్లిన్ గుమ్మం పక్కనున్న కుర్చీలో కూర్చుని బూట్లు విప్పడం మొదలుపెట్టాడు. "మా నాన్న ఒక కాలువను దుంగలతో కప్పి పైన పెళ్లలు పరిచాడు, గుర్రపు బండి దాటడానికి. నాకప్పుడు ఏడేళ్లు. ఎక్కడో గుర్తు లేదు. కాళ్లతో వెతకాలి."

వట్టికాళ్లతో నాచుమీద మెల్లగా నడుస్తున్న ముసలాయనను చూసి జితేందర్ గొంతు తగ్గించాడు. "అక్కా, గిదేం మంత్రం? టెంకాయ పట్టుకొని బోర్లకు పాయింట్ పెట్టేటోళ్ల లెక్క నడుస్తుండు."

ఆ అనుమానం చంద్రికకూ ఉంది. "మీరు ముందు దుంగ ఉందనిపించిన చోటల్లా పుల్లలు గుచ్చండి," అని డెవ్లిన్‌ను కోరింది. "అన్నీ అయ్యాక నేను ఇనుపకడ్డీ దింపి చూస్తాను."

"సబబే. నేల ఎక్కడైనా నా అడుగుకు ఊగుతుంది. కింద దుంగ ఉన్నచోట ఊగదు. పైగా కాలువ పక్కన వేళ్లు ఆరి ఉంటాయి కనుక బ్లూబెర్రీ పొద ఎత్తుగా పెరుగుతుంది. మీవాడి ముఖం చూస్తే తెలుస్తోంది గాని, ఇందులో మంత్రమేమీ లేదు."

ఆరు పుల్లలు గుచ్చాడు. కడ్డీ అయిదుచోట్ల కర్రకు తగిలి టక్కుమంది. ఆరోచోట బురదలోకి జారిపోయింది.

"మా నాన్నయితే ఆరుకు ఆరు చెప్పేవాడు," అన్నాడు డెవ్లిన్, కాస్త నొచ్చుకొని.

"అయిదు చాలు పెద్దాయనా. నా డ్రోన్‌కు సున్నా వచ్చింది," అని జితేందర్ ఇంగ్లీషులో అన్నాడు.

గండి దొరికింది గాని, పూడ్చడమెలా? యంత్రం తెస్తే అంచులోనే కూరుకుపోతుంది. కాలువకు అడ్డుపెట్టే పలకలు ఆర్డర్ చేస్తే రావడానికి మూడు వారాలు. డెవ్లిన్ షెడ్డులోకి వెళ్లి, పక్కకు ఒక రెక్క ఉన్న, పెళ్లలు కోసే సన్నటి పార తెచ్చాడు.

"ఎండిన పెళ్ల మండుతుంది. తడి పెళ్లలోంచి నీళ్లు కదలవు. నీటి అడుగునుంచి కోసి, ఆరకముందే పేర్చాలి. ఒకరు కోయాలి, ఒకరు అందుకోవాలి. నా వైపు చూడొద్దు, పెళ్లను చూడు."

బుధవారం ఉదయం మొదలుపెట్టారు. మొదటి పెళ్ల చంద్రిక చేతుల్లో విరిగింది, రెండోదీ విరిగింది. మూడోది వెన్నముద్దలా, చల్లగా, బరువుగా అరచేతుల్లో నిలిచింది. జితేందర్ దుంగలు పెరికి కాలువ తెరిచాడు. డెవ్లిన్ చెప్పినట్టు ఆమె పెళ్లలను అతుకుమీద అతుకు పడకుండా పేర్చి, మడమతో తొక్కింది. కర్నూలు పల్లెలో ఆమె తాత చేలో గడ్డిపెళ్లతో మడవ కట్టి నీరు మళ్లించేటప్పుడు ఇలాగే మడమతో తొక్కేవాడు. అయితే ఆయన ఆపిన నీరు ఇంకో మడికి పారేది. ఈ నీటిని ఎక్కడికీ పోనివ్వకూడదు.

మధ్యాహ్నానికి డెవ్లిన్ అలసిపోయాడు. పార ఆమెకిచ్చి, తను అందుకునే పనికి మారాడు. "మరీ లోతు. మణికట్టు తిప్పు. ఆఁ, అట్లా," అంటూ సాయంత్రందాకా తిడుతూనే ఉన్నాడు.

గురువారం మట్టం దిగలేదు. ఒక్క రోజు కొలతను చంద్రిక నమ్మలేదు, ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం పొద్దున మూడుసార్లు కొలిచింది. వాన పడలేదు, అయినా నీరు పావు అంగుళం పైకొచ్చింది. అంకెలు పంపిన గంటకు యజమానుల ఫోను వచ్చింది: కౌలు ఆలోచన మానుకున్నారు. అంతేకాదు, పడమటి కొండవైపు వాళ్లకు ఇంకో చిత్తడి ఉందట, అక్కడా కప్పిన కాలువలు ఉండవచ్చట.

ఆ మాట చెబితే డెవ్లిన్ నిట్టూర్చాడు. "నాకు ఓపిక లేదమ్మాయ్."

"కోయడానికి కాదు, నేర్పడానికి. వాలంటీర్లు ఎనిమిది మంది ఉన్నారు. అందరూ మొదటి పెళ్ల విరగ్గొట్టేవాళ్లే."

"ఎప్పటినుంచి?"

"సోమవారం."

"సోమవారం పళ్ల డాక్టరు దగ్గరికెళ్లాలి," అన్నాడు డెవ్లిన్. "మంగళవారం రమ్మను. బూట్లు ఇంట్లో వదిలేసి రమ్మను."