చాముండి చెయ్యేస్తేనే బొమ్మ

ఆదివారం పొద్దున ఇడ్లీలు దించి, గిన్నెలు తోమేసి, చాముండేశ్వరి వంటింటి కిటికీ దగ్గరకెళ్లి వెదురు గెడ పట్టుకునేది. పరదేశపు పేట యీషున్‌లో అందరి ఇళ్లలోనూ కిటికీ బయటికి చాచే ఆ గెడలు బట్టలారేసుకోడానికే. ఆమె మొగుడు మహీధర్ ఇంట్లో మాత్రం దాని చివర యాంటెనా కట్టి ఉంటుంది. చాముండి చెయ్యేస్తే చాలు, హాల్లోని చెక్కతలుపుల టీవీలో ఎన్నో ఏళ్ల కిందటి దూరదర్శన్ ఆదివారం మొదలయ్యేది. చెయ్యి తీస్తే తెర నిండా చుక్కల చీమలు. కొందరు తోడేస్తే పెరుగు గడ్డలా తోడుకుంటుంది, ఈవిడ పట్టుకుంటే బొమ్మ వస్తుంది, అంతేకదా అనుకున్నారు అందరూ.

మహీధర్‌కి సరదాలు ఒకటా రెండా! రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని బెంగపెట్టుకున్న అక్కడి బ్యాంకు ఒకటి అతన్ని హైదరాబాదు నుంచి పిలిపించుకుంది. చేతిలో నాలుగు డాలర్లు ఆడేసరికి సరదాలు ముదిరాయి. రిమోట్ విమానం కొంటే అది మొదటిరోజే ఎదురు బ్లాకు చైనా అవ్వ పూలకుండీల్లో కూలింది. హ్యామ్ రేడియోలో గురగుర తప్ప మనిషి మాట వినపడలేదు. కీబోర్డు మీద పల్లవి వచ్చింది, చరణం రాలేదు. చిన్నప్పటి బొమ్మల పుస్తకాలూ, పాత వీడియో గేములూ మంచం కింద పేరుకుపోయాయి. అన్నిట్లోకీ నిలిచింది ఈ టీవీ ఒక్కటే. సుంగై రోడ్ పాత సామాన్ల సంతలో దాన్ని చూసి, చిన్నప్పుడు పక్కింటి గుమ్మంలో కూర్చుని చూసినది అచ్చం ఇలాంటిదేనని మురిసిపోయి, టాక్సీలో పసిపిల్లాడిలా పట్టుకుని తెచ్చుకున్నాడు.

కింది అంతస్తు జగన్మోహనరావు అంకుల్, పక్క పేట వుడ్‌ల్యాండ్స్ నుంచి ఆఫీసు స్నేహితుడు కృష్ణప్రసాద్ టిఫిన్ వేళకి వచ్చి వాలేవారు. పాత సబ్బుల ప్రకటన వస్తే ముగ్గురూ గొంతు కలిపేవారు. "వదినా, కొంచెం ఎడమకి!" అని కృష్ణప్రసాద్ కేకేస్తే వంటింట్లో గెడ కదిలేది. చాముండికి మాత్రం టీవీ కనపడదు. మధ్యలో గోడ అడ్డం.

ఒక ఆదివారం ఆమె ఇడ్లీలు వడ్డిస్తూ నెమ్మదిగా అంది.

"ఏవండీ, బిషాన్‌లో ఆ చిన్నపిల్లల టీచరు కోర్సు... రేపటితో గడువు అయిపోతుంది. పోయినసారీ వదిలేశాం. ఆదివారం పొద్దుటి పూటే క్లాసులు."

"ఆదివారం నువ్వు బిషాన్ పోతే ఇక్కడ బొమ్మెవరు తెస్తారు?" అని మహీధర్ నవ్వాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "అయినా అందరి ముందూ నిలబడి ఇంగ్లీషులో మాట్లాడాలి తల్లీ! మీకు తెలీదు అంకుల్, మా ఆవిడ చిన్నప్పుడు టీవీలో కథ చెప్పడానికెళ్లి, నోరు తెరిచి మూగపోయింది. ఏలూరంతా చూసింది!"

అంకుల్ నవ్వారు. కృష్ణప్రసాద్ నవ్వాడు. చాముండి కూడా నవ్వి, గిన్నె పట్టుకుని లోపలికెళ్లిపోయింది.

నిజానికి ఏలూరంతా చూసిందేమో కానీ, ఆమె చూడలేదు. వాళ్లింట్లో టీవీ లేదు. మర్నాడు బళ్లో పిల్లలు "మర్చిపోయావటగా!" అని ఏడిపిస్తే, అదే నిజమనుకుని పెరిగింది. పెళ్లయిన కొత్తలో ఆ మాట మొగుడికి ఏడుస్తూ చెప్పుకుంది. ఆయన దాన్ని జోకు చేసుకున్నాడు.

కాసేపటికి గెడ కదిలింది, బొమ్మ పడింది. పిల్లల కార్యక్రమం. రెండు జడలు, తెల్ల రిబ్బన్లు, ముందు పన్ను ఊడిన ఒక పిల్ల వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"మమ్మీ!" అని మహీధర్ కూతురు స్పందన కేకేసింది. "దట్ వన్ మమ్మీ లా!" అంది ఆ ఊరి ఇంగ్లీషు యాసలో.

చాముండి చేతులు తుడుచుకోకుండానే పరుగెత్తుకొచ్చింది. చీమలు. వెనక్కెళ్లి గెడ పట్టుకుంది. పిల్ల మళ్లీ వచ్చింది.

"నువ్వెళ్లి చూడు, నేను పట్టుకుంటాను," అంటూ మహీధర్ పరుగెత్తి గెడ అందుకున్నాడు. చీమలే. రెండు చేతులతో పట్టుకున్నాడు. అయినా చీమలే.

"ఫర్లేదు లెండి, మీరు చూడండి," అంది చాముండి, గెడ తీసుకుంటూ. "ఎలాగూ ఆ పిల్ల కథ మర్చిపోయేదేగా. నేను చూసి ఏం చేస్తాను?"

ఆ మాటలో కోపం లేదు. కోపమున్నా తట్టుకునేవాడేమో. మహీధర్‌కి చెవుల దాకా మొహం కాలిపోయింది. పడగ్గదిలోకి పరుగెత్తి, గోడకున్న నిలువుటద్దం ఊడబీకి తెచ్చి, వంటింటి గుమ్మంలో ఏటవాలుగా పట్టుకుని నిలబడ్డాడు.

"కనపడుతోందా?"

"కొంచెం కుడికి," అంది చాముండి. ఆ మాట ఆమె అనడం అదే మొదలు.

అద్దం వెనక మహీధర్‌కి టీవీ కనపడదు, పెళ్లాం కనపడదు, వినడమే. పెళ్లికి బయల్దేరిన ఎండ్రకాయ కథ అది. పిల్ల గొంతు గలగలా సాగి, వాగు దాటబోతుండగా ఠక్కున ఆగిపోయింది. మహీధర్ కళ్లు మూసుకున్నాడు. ఇన్నేళ్లూ తను చెప్పి నవ్వించిన చోటు ఇదే. ఇప్పుడు హాల్లో ఎవరూ నవ్వలేదు.

"చెప్పమ్మా, తర్వాత?" అంటోంది కార్యక్రమం నడిపే ఆవిడ.

"ఉండండక్కయ్యా," అంది పిల్ల. "ఎండ్రకాయ ఆలోచించుకుంటోంది."

స్టూడియో అంతా ఘొల్లుమంది. పిల్ల మళ్లీ అందుకుని, ఎండ్రకాయని అప్పడాల గంప మీద వాగు దాటించి, పెళ్లి భోజనం కూడా పెట్టించి మరీ ఆపింది. చప్పట్లు మోగాయి.

"ఇంతేనా?" అంది చాముండి. "నేను ఆగింది ఇంతేనా?"

"గుక్క తిప్పుకున్నంతసేపు కూడా లేదమ్మా," అన్నారు అంకుల్ హాల్లోంచి.

మహీధర్ చేతులు లాగేస్తున్నాయి. అయినా అద్దం దించలేదు. దించితే ఆమెకి మొహం చూపించాలి.

"దించండి, చాలు," అంటూ చాముండి గెడ వదిలేసింది. చేతులు కడుక్కుని బల్ల దగ్గర కూర్చుంది. "స్పందనా, పెన్ను పట్రా."

మర్నాడు బిషాన్ వెళ్లి దరఖాస్తు తనే ఇచ్చొచ్చింది.

క్లాసులు మొదలైన ఆదివారం, అలవాటు కొద్దీ అంకుల్, కృష్ణప్రసాద్ ఇద్దరూ టిఫిన్ వేళకే వచ్చారు. మహీధర్ ఉప్మా మాడ్చి, వాళ్లకి పెట్టి, వంటింట్లోకెళ్లి గెడ పట్టుకున్నాడు. చీమలు రాలేదు. ఆ రోజుల్లో ప్రసారం ఆగినప్పుడల్లా పెట్టే బోర్డు వచ్చి అలాగే ఉండిపోయింది.

"'అంతరాయానికి చింతిస్తున్నాము' అంటోందయ్యా," అన్నారు జగన్మోహనరావు అంకుల్ సోఫాలోంచి. "ఇంతకీ ఎవరు చింతిస్తున్నట్టు?"

"నేనే అంకుల్," అన్నాడు మహీధర్ వంటింట్లోంచి.