అంచు సాళ్లు

మా వ్యవసాయ కాలేజీలో విత్తన విభాగం ఇక లేదని మాకు మొదట చెప్పినవాడు డీన్ గారు కాదు, వడ్రంగి. పొద్దున్నే వచ్చి, స్టూలెక్కి, మా తలుపు మీది బోర్డు విప్పడం మొదలుపెట్టాడు.

"ఇక్కడ వ్యవసాయ వ్యాపార నిర్వహణ అని రాయమన్నారమ్మా. అక్షరాలెక్కువ. చెక్క చాలేట్టు లేదు" అన్నాడు.

"చాలకపోతే గోడ మీదికి పాకించు" అంది మా విభాగం నడిపే మేడం లోపలినుంచి, తల ఎత్తకుండా.

ఆవిడ ముందు తడి కాగితం పరిచి ఉంది. దాని మీద మొలకకు పెట్టిన జొన్నగింజలు. ఆరోగ్యంగా ఉన్న విత్తనమైతే ఈపాటికి కాగితం నిండా తెల్లటి వేళ్లు పరుచుకోవాలి. సగం గింజలు ఉలకలేదు, పలకలేదు. మొలిచినవి కూడా జ్వరం నుంచి లేచినవాళ్లలా వంగిపోయి ఉన్నాయి.

మా శీతల గదిలో ఉన్నవన్నీ పాత జొన్నరకాలు. ఒకప్పుడు రైతుల ఇళ్లల్లో ఉండి, ఇప్పుడు ఎవరూ వేయనివి. చలిలో పెడితే విత్తనం చాలాకాలం బతుకుతుంది కానీ కలకాలం బతకదు. అప్పుడప్పుడూ నేలలో వేసి, పండించి, కొత్త గింజ తీసి దాచాలి. ఆ తిప్పడమే మా విభాగం పని. నేను అక్కడ కాంట్రాక్టు మీద సహాయకురాలిని.

"ఈ పంటకాలం దాటితే వీటికి నూకలు చెల్లినట్టే" అంది మేడం.

కానీ వేయడానికి పొలం లేదు. ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఏటికేడాది తగ్గుతూ వచ్చింది. బయటి నుంచి నిధులు తెచ్చుకోలేని విభాగానికి పొలమూ కూలీలూ ఉండరని కొత్త పద్ధతి పెట్టారు. పాత జొన్న కోసం ఏ కంపెనీ డబ్బిస్తుంది? మా పొలాన్ని ఎవరికో కౌలుకిచ్చేశారు. మిగిలిన విభాగాలకు నేల కొలిచి, మూలమూలనా తెల్లరంగు వేసిన కర్రలు పాతారు.

కర్రలు పాతిన మర్నాడే పొత్తుల మాస్టారు మా గదిలోకి తుపానులా వచ్చాడు. మొక్కజొన్న విభాగం ఆయనది. కంపెనీ నిధులున్న మనిషి. అందుకే మేడం ఆయన్ని "అల్లుడుగారూ" అని వెక్కిరించేది. కాలేజీ ఆయనకి చేసే మర్యాదలు అలాంటివి మరి.

"చెల్లెమ్మా, నా పొలం చుట్టూ కోసేశారు!"

"అల్లుడుగారి పొలం మీద చెయ్యి వేసేదెవరండీ?"

"ఎవరో కాదు, నేనే. నా నోటితో నేనే కోసుకున్నాను."

జరిగింది ఇదీ. మా దగ్గర ప్రయోగం వేసినప్పుడు చుట్టూ అంచు సాళ్లు వేస్తారు. గాలీ పిట్టలూ ముందు వాటి మీద పడతాయి, లోపలి పంట క్షేమంగా ఉంటుంది. ఆ అంచు సాళ్ల గింజ ఎవరూ తూచరు, ఏ నివేదికలోనూ చేర్చరు. దాంతో నీ పొలమెంత అని అడిగితే అంచు తీసేసి చెప్పడం మా వాళ్లందరికీ ఊతపదంలా అలవాటైపోయింది. కొలతలవాళ్లు అడిగినప్పుడు ప్రతి మాస్టారూ అలాగే చెప్పాడు. వాళ్లూ అంతవరకే కర్రలు పాతిపోయారు. కర్రలకి బయట, పొలాల చుట్టూ, దున్నిన నేల ఎవరి పేరునా లేకుండా మిగిలిపోయింది.

"కంపెనీ విత్తనం కూడా కర్రల మధ్యకి సరిపోయేంతే ఇచ్చింది" అన్నాడు మాస్టారు. "అంచు ఖాళీగా వదిలితే మొదటి గాలికే నా వరుసలు నేల మీద పడుకుంటాయి."

మేడం మొదటిసారి తల ఎత్తింది.

"ఆ అంచు ఇప్పుడు ఎవరిది?"

"ఎవరిదీ కాదు. అదేగా నా ఏడుపు."

"అయితే నాది. జొన్న వేస్తాను."

మాస్టారు చెయ్యి పైకెత్తి ఎత్తు చూపించాడు. "మీ పాతజొన్న తాటిచెట్టంత ఎదుగుతుంది. నా పంట మీద నీడ పడితే?"

"పడనివ్వండి. ఇన్నాళ్లూ మీ నీడలో మేం లేమా?"

ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. గాలికి అడ్డు దొరుకుతుంది. పిట్టలు జొన్న మరిగితే మొక్కజొన్న జోలికి రావు. పైసా ఖర్చు లేదు. "డీన్ గారు అడిగితే నాకేం తెలియదంటాను" అన్నాడు.

"మీకు తెలియదంటే ఎవరైనా నమ్ముతారు లెండి."

వానలు మొదలవగానే విత్తాం. మేడం సాలు గీస్తే, నేను వేశాను. ఒక్కో రకానికి ఒక్కో సాలు, సాలు మొదట్లో పుల్లకి చీటీ. మాస్టారి పొలంలో పనిచేసే పెద్దమ్మ తన పని చూసుకుంటూనే మా సాళ్ల మీద ఓ కన్నేసి ఉంచేది. మందకొడిగా మొలిచింది జొన్న. ఖాళీలు ఎక్కువ. మొలిచిన ప్రతి మొక్కా నాకు గుర్తే. చివరికి ఆకులు ముదిరి, మొక్కలు పొట్ట మీదికి వచ్చాయి. కాండం పైభాగం ఉబ్బి, వేలితో నొక్కితే లోపల కంకి మెత్తగా తగిలేది.

సరిగ్గా అప్పుడు డీన్ గారు పొలానికి వచ్చారు. కొద్దిరోజుల్లో పాలకమండలి వాళ్లు చూడటానికి వస్తున్నారు. ముందుగా అన్నీ సర్దుకోవాలని ఆయన ఆరాటం. పాంటు మడిచి, గట్టు మీద నిలబడి, తన తల కంటే ఎత్తున్న జొన్నని చూశారు.

"ఇదేంటి?"

"అంచు సాళ్లండి" అన్నాడు పొత్తుల మాస్టారు. తనకేం తెలియదనడం మర్చిపోయాడు.

"అంచులో జొన్నేంటి? అదీ ఈ రకం!" ఆయన మేడం వైపు తిరిగారు. "నీ విభాగమే లేదు కదమ్మా."

"విభాగం లేదండి. విత్తనం ఉంది."

డీన్ గారు చెమట తుడుచుకున్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. "జీతాలు ఎక్కడినుంచి వస్తున్నాయో నీకు తెలుసా? కొన్ని విభాగాలు మూస్తేనే మిగతావి నిలుస్తాయని మండలికి మాటిచ్చాను. రేపు వాళ్లొచ్చి, మూసిన విభాగం పంట నా ఎత్తు పెరిగి కనిపిస్తే ఏం చెప్పను?"

"మాటిచ్చింది మీరు. ఈ గింజలు ఇచ్చింది రైతులు. కూతుళ్లకి సారె పెట్టినట్టు గుప్పెడు గుప్పెడు తీసి మన చేతుల్లో పోశారు. వాళ్లకి నేనేం చెప్పను?"

"పెద్దమ్మా, ఇవన్నీ పీకెయ్" అన్నారాయన.

పెద్దమ్మ కొడవలి చంకలో పెట్టుకుని అలాగే నిలబడింది. "చీటీ ఉన్న సాలు అయ్యా. వేసినవాళ్లు చెప్పందే కలుపు మొక్కైనా ముట్టుకోవద్దని మమ్మల్ని తిట్టి తిట్టి నేర్పింది మీరే కదా."

మా కాలేజీలో అది అందరికీ తెలిసిన కట్టుబాటు. డీన్ గారు వంగి, చీటీ మీద అక్షరాలు చూశారు. అవి నావి. ఆయన నా వైపు తిరిగారు.

"నువ్వేనా వేసింది?"

"అవునండి."

"నీ కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అన్నది నా చేతుల్లో ఉంది. తెలుసుగా?"

"తెలుసండి."

"అయితే నువ్వే పీకు. నేను సంతకం పెడతాను. ఇద్దరికీ గొడవ ఉండదు."

మేడం ఏదో అనబోయి ఆగింది. నా తరఫున తను చెప్పకూడదనుకుందేమో. పక్కనే ఉన్న మొక్క మీద చెయ్యి వేశాను. ఉబ్బిన పొట్ట వేళ్లకి తగిలింది. ఇప్పుడు పీకితే మళ్లీ వేయడానికి గింజ లేదు. మిగిలినవి కాగితం మీద ఉలకనివే.

"పీకనండి" అన్నాను.

"ఉద్యోగం పోతుంది."

"పోతే పొద్దంతా ఖాళీయే కదండీ. ఇంకాస్త పెందలాడే వచ్చి చూసుకుంటాను."

పెద్దమ్మ ఫక్కున నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డీన్ గారు ఒక మొక్క మొదలు పట్టుకున్నారు. మేమెవరం కదల్లేదు. ఆయన చదువు చెప్పిన మనిషి. పొట్ట మీదున్న పంటంటే ఏమిటో ఆయన చేతికి తెలుసు. చెయ్యి తీసి, పాంటుకి తుడుచుకుని, గట్టు దిగి వెళ్లిపోయారు.

నా కాంట్రాక్టు మీద సంతకం మాత్రం పెట్టలేదు.

ఇంట్లో చెబితే వదిన అన్నం వడ్డిస్తున్న గరిటె ఆపేసింది. "ఉద్యోగం ఊడితే ఏడవాలే. ఆ నవ్వేంటే?" అంది. మర్నాడు అన్నయ్య తను పనిచేసే బేకరీ నుంచి రొట్టెల కాగితం సంచులు కట్టలుగా మోసుకొచ్చి గుమ్మం దగ్గర పడేశాడు. కంకి బయటపడగానే సంచి తొడగాలి, లేకపోతే పక్క రకం పుప్పొడి వచ్చి కలిసిపోతుందని నేనెప్పుడో అన్నం తింటూ చెప్పానట. కాలేజీ ఇక సంచులివ్వదని వదిన గుర్తుచేసిందట.

పాలకమండలి వచ్చిన రోజు మేం సంచులు తొడుగుతున్నాం. మేడం స్టూలు మీద ఉంది, నేను అందిస్తున్నాను. గట్టు మీదుగా వెళుతున్నవాళ్లలో ఒకాయన ఆగి, రొట్టె బొమ్మలున్న సంచులు తలకి తగిలించుకున్న ఆ బారుల్ని వింతగా చూసి, ఇవేంటని అడిగాడు. డీన్ గారు మా వైపు చూడలేదు. "అంచు సాళ్లు. లెక్కలోకి రావు" అని ముందుకు నడిపించారు.

వాళ్లు దాటిపోయాక పొత్తుల మాస్టారు వెనక్కి వచ్చాడు.

"వచ్చే పంటకి కర్రలు జరుపుతారట చెల్లెమ్మా. అంచుతో కలిపి కొలుస్తారట."

"జరపమనండి" అంది మేడం, కంకి మీద సంచి దించి నోటితో దారం బిగిస్తూ. "ఎంత జరిపినా కర్రకి అవతల ఏదో ఒక నేల ఉంటుంది. అక్కడ వేస్తాం."

"అక్కడా పీకమంటే?"

"పీకం." ఆవిడ కిందికి చెయ్యి చాచింది. "ఇంకో సంచి ఇవ్వవే. ఈ మొక్క పక్కకి ఒరుగుతోంది, మాస్టారూ, కాస్త పట్టుకోండి."

ఆయన అటూ ఇటూ చూసి, చొక్కా చేతులు పైకి మడిచి, మొక్కని పట్టుకున్నాడు.