చిప్పు మీది నల్ల స్టిక్కరు

తుడిచేవాడు తుడిచి ఊరుకోవచ్చుగా మా ఆయన, స్పిరిట్‌లో ముంచిన దూదితో మూలమూలా నున్నగా తుడిచాడు, సరే, బాగానే ఉంది, ఆ చిప్పు మీది నల్ల స్టిక్కరు ఏం పాపం చేసిందని పీకడం, కార్డును దీపం కింద తిప్పి చూసేకొద్దీ నా ఒళ్ళు మండిపోతోంది, చిప్పు నడుమ గుండ్రటి గాజు కన్ను బోసిగా నన్నే చూస్తోంది, కార్డును నడిపే ప్రోగ్రామంతా ఆ గాజు వెనకే ఉంటుంది, వెలుతురు తగిలితే మెల్లమెల్లగా చెరిగిపోతుంది, ఎండైతే ఇంకా త్వరగా, అందుకే దాని మీద స్టిక్కరు, అందం కోసం కాదు మహానుభావా, పాత కంప్యూటర్లకు వేగం పెంచే ఈ యాక్సిలరేటర్ కార్డులు కొని అమ్ముదామని మా ఆయన మొదటిసారి అన్న రోజే ఈ సంగతి చెప్పాను, ఊఁ అన్నాడు, ఆయన ఊఁ అన్నాడంటే వినలేదని అర్థం.

ముందు గదిలో ఎంబ్రాయిడరీ షాపాయన దగ్గుతున్నాడు, పొద్దున్నే వచ్చాడు పాపం, కార్డును మెత్తటి గుడ్డలో చుట్టి పసిపిల్లను ఆసుపత్రికి తెచ్చినట్టు తెచ్చాడు, ఆయన కుట్టు మిషను ఓ ముసలి కంప్యూటరు మాట తప్ప ఇంకెవరి మాటా వినదు, అది కాస్త చురుగ్గా కదులుతుందని మా దగ్గర ఈ కార్డు కొన్నాడు, బడి పిల్లల చొక్కాలకు గుడ్లగూబ బ్యాడ్జీలు కుట్టాలట, బడులు తెరిచేలోపు ఇవ్వకపోతే ఆ పని ఇంకొకరికి పోతుందట, తీరా కార్డు పెడితే గుడ్లగూబకు ఒక కన్ను కుట్టి మిషను ఆగిపోతోందమ్మా, రెండో కన్ను దగ్గరికి రాగానే సూది గాల్లోనే నిలబడిపోతోంది, అని ఒంటికన్ను బ్యాడ్జీ ఒకటి నా చేతిలో పెట్టాడు, నేను నోరు తెరిచేలోపు మా ఆయన అందుకున్నాడు, కార్డు పెట్టే ముందు ఇనుము ముట్టుకున్నారా అండీ, ఒంట్లో కరెంటు పోవాలి కదా, అన్నాడు, లేదండీ, నాకు తెలీదు, అన్నాడు షాపాయన, అదీ సంగతి, అన్నాడు మా ఆయన, పొద్దస్తమానం బట్టల్లో తిరిగే చేతులు, ముట్టుకోగానే చిటుక్కున పోయుంటుంది, మా దగ్గరున్నన్నాళ్ళూ గుర్రంలా పరిగెత్తింది, కావాలంటే మా ఆవిణ్ణి అడగండి.

మా ఆవిణ్ణి అడగండి, ఎంత తేలిగ్గా అన్నాడు, పరిగెత్తింది నిజమే, పరిగెత్తించింది నేను, కారిపోయిన కెపాసిటర్లను వేడి చేస్తే వచ్చే ఆ చేపల కంపును ముక్కు మూసుకుని భరించి, ఒక్కొక్కటీ ఊడదీసి కొత్తవి అతికి, చిప్పు మీది స్టిక్కరు అంచు లేస్తుంటే వేలితో అదిమి మరీ ఆయన చేతికిచ్చాను, చిప్పులోది కాపీ తీసుకుంటానండీ, ఇలాంటిది మళ్ళీ దొరకదు అంటే, తరవాత చూద్దాంలే, ముందు ఫొటోలు కావాలి, అన్నాడు, ఆయన ఫొటోలు, సహజమైన వెలుతురు కావాలట, కిటికీ తలుపులు బార్లా తెరిచి గట్టు మీద కార్డు పెట్టి, ఈ స్టిక్కరేంటే మచ్చలా ఉంది అని అప్పుడే గొణిగాడు, నేను టంకం పొగలో తల వంచుకుని వినీ విననట్టున్నాను, అక్కడే పీకేసుంటాడు, పీకి అక్కడే వదిలేశాడు, వీధిలో పోయేవాళ్ళకు కనబడాలని మండే ఎండల్లో వారాల తరబడి ఆ గట్టు మీదే ఉంచాడు, ఒక్కసారైనా తిరిగి నా బల్ల మీదికి తేకుండా అమ్మేశాడు.

ఇప్పుడు చిప్పు పీకి, లోపలిది చదివి తెర మీద చూపించే రీడరులో పెట్టాను, తెర నిండా చిల్లులు, ఇక్కడ ఒక ముక్క, అక్కడ ఒక ముక్క, మధ్యలో అంతా ఖాళీ, ఇది కరెంటు కొట్టి పోయినది కాదు, రోజూ కొంచెం కొంచెం ఎండ తాగి పోయినది, షాపాయన చేతులకూ దీనికీ ఏ సంబంధమూ లేదు, అదిగో ఆయన గుమ్మం దాకా వచ్చాడు, లోపలికి రావచ్చో లేదో అని ఒక కాలు బయటే ఉంచి, మీ కష్టమంతా నా చేతుల్లో పాడైపోయిందమ్మా, ఏమీ అనుకోకండి, ఇలాంటిదే ఇంకోటి ఉంటే చూడండి, కొనుక్కుంటాను, అంటున్నాడు, రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు, నా బల్ల మీది వస్తువులకు తగులుతాయేమోనని భయం, ఇంకెక్కడ దొరుకుతుందండీ, ప్రపంచంలోనే లేవు, అని వెనక నుంచి మా ఆయన, పచ్చి అబద్ధం, బీరువాలో ఉంది, చీరల వెనక, అచ్చం ఇదే కార్డు, కంపెనీ వేసిన సీలు వేసినట్టే ఉన్న అట్టపెట్టెలో, ఎవరొచ్చినా బయటికి తీసి దూరం నుంచి చూపించి మళ్ళీ దాచేస్తాడు, సీలు తీస్తే విలువ పోతుందట, తీయకపోతే ఎవరికి పనికొస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

షాపాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మా ఆయన ఒక్కడూ లోపలికొచ్చాడు, గొంతు తగ్గించి, ఒక్కమాట చెప్పెయ్యవే, మా దగ్గర బాగానే ఉండేదని, అబద్ధం కూడా కాదు కదా, అన్నాడు, స్టిక్కరు ఎవరు పీకారు అన్నాను, ఏ స్టిక్కరు అన్నాడు, కార్డు ఆయన మొహం ముందు పెట్టాను, ఓహో అదా, ఇప్పుడా గొడవెందుకు, చెరిగిందని ఆయనకేం తెలుసు, తొందరగా రా, కాఫీ కూడా పట్రా, అని వెళ్ళిపోయాడు, వెళ్తూ నా బల్ల మీది స్పిరిట్ సీసా మూత సరిగ్గా బిగించి మరీ వెళ్ళాడు, శుభ్రత.

వెళ్ళిపోయాడు, అదే, నేను ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు, ఆయన ఆగలేదు, నేనేమంటానో అన్న అనుమానం ఆయన మొహంలో ఒక్క క్షణం కూడా లేదు, స్టిక్కరు పీకాడని కదూ ఇందాకటి నుంచి రగిలిపోతున్నాను, కాదు, దానికైతే తిట్టి ఊరుకునేదాన్ని, నేను అబద్ధం చెబుతానని ఇంత ధీమా ఈ మనిషికి ఎక్కడిది, ముందు గదిలో ఆయన ఏం చెప్పి అమ్మినా లోపల నేను తల ఎత్తలేదు కాబట్టి నన్ను ఎప్పుడూ అడగాల్సిన పనే పడలేదు, ఇవాళా అడగలేదు, చెప్పి వెళ్ళాడంతే, సరే, బీరువా తలుపు కిర్రుమంటోంది, అననీ, చీరలు కింద పడుతున్నాయి, పడనీ, అట్టపెట్టె తీసుకెళ్ళి షాపాయన ముందు బల్ల మీద పెట్టాను, మా ఆయన నవ్వు మొహం మీదే ఆగిపోయింది, ఏయ్, అది సీలు, అన్నాడు, అన్నయ్యగారూ, మీ చేతుల తప్పేమీ లేదు, మీ కార్డు మా కిటికీలోనే చచ్చింది, ఈ పెట్టెలోదాన్ని చూసి చెరిగిందంతా మళ్ళీ రాస్తాను, కాసేపు కూర్చోండి, అన్నాను, ఇద్దరూ చూస్తుండగా బ్లేడు పెట్టి సీలు కోశాను.